పల్లె అభివృద్ధి లెక్క పాతబస్తీ అడ్డా మీద తేలుతుంది

తెల్లవారకముందే మహబూబ్‌నగర్ వైపునుంచి వచ్చే బండి జడ్చర్ల, షాద్‌నగర్, ఉందానగర్ దాటి ఫలక్‌నుమాలో ఆగుతుంది. తట్ట, పార, సద్దిమూట పట్టుకొని కొందరు అక్కడ దిగుతారు. కొందరు ఉప్పుగూడలో, యాకుత్‌పురాలో, డబీర్‌పురాలో దిగుతారు. బస్సులో వచ్చినవాళ్ళు ఇమ్లీబన్‌లో దిగి నడక పడతారు. పొద్దు పొడిచేసరికి పాతబస్తీ అడ్డాల మీద మనుషులు నిండిపోతారు. మేస్త్రీ వస్తాడు. చేతులు చూస్తాడు, వయసు చూస్తాడు, బేరమాడతాడు. పదిమందిని ఎక్కించుకొని పోతాడు. మిగిలినవాళ్ళు పదిగంటలదాకా నిలబడతారు. ఆ తర్వాత మదన్నపేట మార్కెట్టుకో మీరాలం మండీకో పోయి, ఏదన్నా మూట దొరుకుతుందేమో చూస్తారు. దొరక్కపోతే సద్ది తిని, సాయంత్రం బండికోసం కూర్చుంటారు.

ఆ అడ్డాల మీద మేము ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్నాం. అడిగే ప్రశ్న ఒకటే: "ఊర్ల పనిలేదా అక్కా?" వచ్చే జవాబూ దాదాపు ఒకటే: "ఊర్ల పనుంటె ఈడికెందుకొస్తమన్నా? పిల్లగాండ్లను ముసలామె దగ్గర ఇడిసిపెట్టి వచ్చినం. పొలం పనులు నెలో రెణ్ణెల్లో. మిగిలిన దినాలు ఏం తినాలె?"

పల్లె ఎంత అభివృద్ధి చెందిందో సచివాలయంలో చెబుతారు, అసెంబ్లీలో చెబుతారు, పెద్ద పెద్ద బోర్డుల మీద రాస్తారు. మేము మాత్రం అడ్డా మీద చూస్తాం. పల్లెలో పనీ కూలీ వున్న ఏడు అడ్డా పలచబడుతుంది. అవి లేని ఏడు కిక్కిరుస్తుంది. ఇంతకన్నా నికరమైన లెక్క మాకు తెలియదు.

ఈ మధ్య మళ్ళీ ఒక మాట ఎక్కువగా వినబడుతోంది. గ్రామీణాభివృద్ధి ప్రభుత్వం ఒక్కటే చేసేది కాదట. ప్రజలూ చేయి కలపాలట, ప్రభుత్వమూ ప్రజలూ సహకరించుకోవాలట. వినడానికి మంచి మాటే, మనం కాదనం. కాని సహకారం ఎవరికి, ఎవరి ఖర్చుతో? పని ఎవరు చేస్తారు, ఫలం ఎవరికి ముడుతుంది, లెక్క ఎవరు అడుగుతారు? ఈ ప్రశ్నలకు జవాబు తేలకుండా చేయి కలపమంటే, కలిసేది కూలివాడి చేయి, నిండేది పెత్తందారు జేబు.

సహకారం మాటున దాగిన వెట్టి

ఈ మాట కొత్తది కాదు. నిజాం కాలంలోనూ చెరువుకట్టలు ఊరంతా కలిసే పోసేవారు. నీరటి కాపలా కాసేవాడు. ఊరు ఊరంతా కదిలేదని ఇవాళ కొందరు మురిసిపోతూ చెబుతారు. ఆ కట్టకు మట్టి మోసినవాళ్ళలో వెట్టి చేసిన మాలమాదిగలున్నారని మాత్రం చెప్పరు. శిస్తు జాగీర్దారుకు పోయేది. సర్ఫేఖాస్ గ్రామాలదైతే నేరుగా నిజాం సొంత ఖజానాకు చేరేది. పాతబస్తీలో మనం చూసే దేవిడీల గోడల్లో ఆ పల్లెల చెమట వుంది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటం వెట్టి మెడలు వంచింది. కూలి అడిగే ధైర్యం మనకు అక్కడినుంచి వచ్చిందే.

స్వాతంత్ర్యం తర్వాత 1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టులతో సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకులు వచ్చాయి, గ్రామసేవకులు వచ్చారు. ప్రజలు శ్రమదానం చేయాలి, ప్రభుత్వం సిమెంటు, ఇనుము ఇస్తుంది అన్నారు. పథకంలో ప్రజల చొరవ కనబడడంలేదని అయిదేళ్ళకే, 1957లో, బల్వంతరాయ్ మెహతా కమిటీ తేల్చింది. ఎందుకు కనబడుతుంది? భూమిలేని కూలివాడు రోజంతా శ్రమదానం చేస్తే రాత్రి పొయ్యి ఎలా వెలుగుతుంది? అతడు వేసిన రోడ్డు మీద మొదట పరుగెత్తింది పటేలు బండి. అతడు తవ్విన కాలువ కింద పండింది దొర పొలం.

ఆ కమిటీ సిఫారసు ప్రకారమే పంచాయతీరాజ్ వచ్చింది. 1959 అక్టోబరు 11న నెహ్రూ షాద్‌నగర్‌కు వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని ప్రారంభించాడు. అదే షాద్‌నగర్ స్టేషన్‌లో ఇవాళ మన కూలీలు అడ్డాకోసం బండి ఎక్కుతున్నారు! పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. అధికారం ఊరికి వచ్చిందన్నారు. వచ్చిందిగాని ఊరిలో ఎవరి గుమ్మంలో ఆగింది? చాలాచోట్ల నిన్నటి దేశ్‌ముఖ్ ఇంటినుంచే సమితి ప్రెసిడెంటు వచ్చాడు. భూమి పంచకుండా అధికారం పంచితే, అది భూమి వున్నవాడి దగ్గరికే పోతుంది. మనం అప్పుడూ చెప్పిన మాట ఇదే.

1997 జనవరిలో జన్మభూమి వచ్చింది. మళ్ళీ శ్రమదానం, మళ్ళీ ప్రజల వాటా. పనికి ఇంత చందా కట్టండి, మిగతాది ప్రభుత్వం ఇస్తుంది అన్నారు. చందా కట్టగలిగిన వాడకు పని వచ్చింది. కట్టలేని కూలివాడ వెనకబడింది. ఊరి వాటా కింద కంట్రాక్టరు డబ్బు కట్టి, పనిని తనే చేజిక్కించుకున్న చోట్లూ వున్నాయి. ప్రజల భాగస్వామ్యమని పేరు పెట్టారుగాని, ఆ ప్రజల్లో కూలివాడు లేడు.

హక్కు వచ్చినప్పుడు ఏం జరిగింది?

అయితే ప్రభుత్వంతో కలిసి పనిచేయడం ఎప్పుడూ మోసమేనా? కాదు. అలా చెబితే మనం అబద్ధం చెప్పినట్టే.

కరువు కాలంలో మహారాష్ట్ర కూలీలు పనికోసం కదిలారు. దానివల్ల 1972లో ఉపాధి హామీ పథకం, 1977లో చట్టం వచ్చాయి. దేశమంతటికీ అలాంటి చట్టం కావాలని వ్యవసాయ కార్మిక సంఘాలు దశాబ్దాలు అడిగాయి. వామపక్షాల బలం అవసరమైన ప్రభుత్వం కేంద్రంలో వుండగా, 2005లో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దాన్ని ప్రారంభించారు. మొదటి విడత 200 జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ కూడా వుంది.

ఆ చట్టంలో ఏముంది? ఏడాదికి ఒక కుటుంబానికి వందరోజుల పని. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపించాలి, లేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. పని ఊరికి అయిదు కిలోమీటర్ల లోపల వుండాలి. కంట్రాక్టరు వుండకూడదు. మనిషి చేయగల పనికి యంత్రం పెట్టకూడదు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే కూలి. అన్నిటికన్నా పెద్దది పదిహేడో సెక్షను. జరిగిన పనిని గ్రామసభ తనిఖీ చేయాలని అందులో వుంది. సర్కారు ఇచ్చే దయ అక్కడ హక్కుగా మారింది. చేయి చాచినవాడు లెక్క అడిగేవాడయ్యాడు.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ 1990లో పుట్టింది. పనుల మస్టర్లు, బిల్లులు బహిరంగంగా చదివించి, మా పైసలకు మా లెక్క కావాలని అది ఉద్యమం నడిపింది. ఆ అనుభవం మన రాష్ట్రానికి 2006లోనే వచ్చింది. ఊరి కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలు మస్టర్లు చేతబట్టుకొని ఇంటింటికీ తిరిగారు. "అమ్మా, నువ్వు పద్దెనిమిది రోజులు పని చేసినట్టు రాశారు, నిజమేనా? ఇంత డబ్బు ముట్టినట్టు వేలిముద్ర వుంది, నీదేనా?" అని అడిగారు. చనిపోయినవాళ్ళ పేర్లు బయటపడ్డాయి. కొలతల్లో దొంగలెక్కలు బయటపడ్డాయి. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అందరి ముందూ చదివారు. 2009లో సామాజిక తనిఖీకి ప్రభుత్వం ప్రత్యేక సంస్థనే ఏర్పాటుచేసింది. దేశంలో చాలా రాష్ట్రాలు దీన్ని చూసి నేర్చుకున్నాయి.

ప్రభుత్వమూ ప్రజలూ సహకరించుకోవడం అంటే ఇదీ. డబ్బు ప్రభుత్వానిది, అంటే మనదే. శ్రమ మనది. రికార్డు తెచ్చి ఇచ్చే బాధ్యత అధికారిది. తప్పు పట్టే అధికారం సభది. ఇందులో శ్రమదానం లేదు, చందా లేదు. కూలి వుంది, లెక్క వుంది.

ఫలితమూ కనబడింది. ఉపాధి పని బాగా నడిచిన ఊళ్ళలో, ముఖ్యంగా వేసవిలో, వలస తగ్గింది. పొలం పనుల్లో కూలి రేటు పెరిగింది. ఎందుకు? కూలివాడికి మరో దారి దొరికింది. "ఇంతకు రాను, ఉపాధి పనికి పోత" అనగలిగాడు. ఆడకూలీలకు ఈ తేడా ఎక్కువగా తెలిసింది. అడ్డా మీదకు వచ్చిన కూలీ కూడా మేస్త్రీతో గట్టిగా బేరమాడగలిగాడు. ఊళ్ళో పని వున్నవాడు పట్నంలో చవకగా దొరకడు. ఉపాధి హామీ చట్టం పల్లెకే కాదు, పాతబస్తీ అడ్డాకూ కాపలా కాసింది.

హక్కును ఎండబెట్టిన తీరు

హక్కును ఒక్క దెబ్బతో నరకలేదు. మెల్లగా ఎండబెట్టారు.

కూలి చెల్లింపు ఊళ్ళో నలుగురి ముందూ జరిగే రోజుల్లో మోసం వుండేది, నిజమే. పోస్టాఫీసు, బ్యాంకు వచ్చాక మోసం కొంత తగ్గింది. కాని ఆ తర్వాత ప్రతి మెట్టు మీదా కొత్త తాళం పడింది. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి హాజరు ఎక్కించాలన్నారు. సిగ్నలు అందని గుట్టల దగ్గర మధ్యాహ్నం ఫొటో పడకపోతే, పొద్దున చేసిన పని ఏమైనట్టు? 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశారు. పేరులో ఒక్క అక్షరం తేడా వుంటే కూలి ఆగిపోతుంది. ఎవరిని అడగాలి? సభలో సర్పంచును నిలదీయవచ్చు, యంత్రాన్ని ఎక్కడ నిలదీస్తాం?

తెలంగాణలో 2020లో, సమ్మె చేశారని, ఏడు వేలకు పైగా ఫీల్డ్ అసిస్టెంట్లను తొలగించారు. 2022లో మళ్ళీ తీసుకున్నారు. ఆ రెండేళ్ళు పని అడిగే కూలీకి ఊళ్ళో దిక్కెవరు? పంచాయతీల గడువు 2024 జనవరి చివరికి ముగిసింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్ళు ఊరికి సర్పంచు లేడు, ప్రత్యేకాధికారే పాలకుడు. ప్రజలతో సహకారం గురించి ప్రసంగాలు జరిగిన కాలంలోనే, ప్రజలు ఎన్నుకున్న సభ లేకుండా రెండేళ్ళు గడిపారు.

సామాజిక తనిఖీ సంగతీ అంతే. తనిఖీలో దోషం తేలుతుంది. తేలిన సొమ్ములో తిరిగి వసూలయ్యేది కొంతే. తప్పు చేసినవాడికి బదిలీ, పైన ఆరోపణ చేసిన కూలీకి మర్నాటినుంచి పని లేదు. తనిఖీకి పళ్ళు లేకపోతే అది తద్దినంలా మారుతుంది.

మన లోపాన్నీ ఒప్పుకుందాం. ఎన్ని గ్రామాల్లో మన సంఘం పని దరఖాస్తులు రాతపూర్వకంగా ఇప్పించింది? ఎన్నిచోట్ల తేదీవేసిన రసీదు అడిగాం? రసీదు లేనిదే నిరుద్యోగ భృతి రాదని తెలిసి కూడా నోటిమాటతో సరిపెట్టాం. శ్రమశక్తి సంఘాలు ఏర్పాటైనప్పుడు, వాటిని కూలీల సంఘాలుగా మలచుకునే అవకాశం మనకు దొరికింది. చాలాచోట్ల వాటిని మేటు చేతికి వదిలేశాం.

చెరువు పూడిక ఎవరి చేలో పడింది?

సహకారానికి ఇంకొక నమూనా చూద్దాం. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకున్నారు. పూడిక తీయించేది ప్రభుత్వం. తీసిన మట్టిని సొంత ఖర్చుతో తోలుకొని చేలో చల్లుకునేది రైతు. ప్రభుత్వం, ప్రజలు చెరిసగం అన్నమాట.

చెరువుల్లో నీళ్ళు నిలిచినచోట మేలు జరిగింది, కాదనం. బావుల్లో నీరు పైకి వచ్చింది, చేపలు పట్టేవాళ్ళకు బతుకుదెరువు దొరికింది. కాని కూలివాడి వైపునుంచి చూడండి. పూడిక తీసింది జేసీబీ. పని కంట్రాక్టరుది. తట్ట పార పట్టే చేతికి అందులో చోటు ఎంత? మట్టి తోలడానికి ట్రాక్టరు కావాలి, డీజిలుకు డబ్బు కావాలి, చల్లుకోవడానికి భూమి కావాలి. మూడూ వున్నవాడి చేను నల్లబడింది. అరెకరం అసైన్డు భూమి వున్న దళితుడి చేనుకు ఆ మట్టి చేరడం కష్టం. భూమే లేనివాడి సంగతి చెప్పనక్కరలేదు. ఊరందరి చెరువే, కాని పూడిక అందరిదీ కాలేదు.

ఉపాధి హామీ చట్టం కిందే దళితుల, గిరిజనుల, చిన్నరైతుల భూముల్లో పనులు చేయించే వీలుంది. పూడికమట్టి కూలీలతో ఎత్తించి, మొదట పేదల చేలకు చేర్చి, ఆ తర్వాత మిగతావాళ్ళకు ఇచ్చివుంటే? చెరువూ బాగుపడేది, కూలీ పుట్టేది, పేదవాడి భూమీ పండేది. అలా చేయకపోవడానికి డబ్బు లేకపోవడం కారణం కాదు. ఎవరిని ముందు నిలబెట్టాలన్న ప్రశ్నకు పాలకవర్గాలు ఇచ్చుకున్న జవాబే కారణం.

సాయం పంపిణీలోనూ ఇదే చూడండి. 2025 జనవరి 26న తెలంగాణ ప్రభుత్వం ఎకరానికి ఏడాదికి 12 వేల రూపాయల రైతు భరోసా, భూమిలేని కూలి కుటుంబానికి ఏడాదికి 12 వేల రూపాయల ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ప్రారంభించింది. కూలీ అనేవాడు వున్నాడని గుర్తించడం మంచిదే, మన పోరాటానికి అది కొంత ఫలితమే. కాని భూమి వున్నవాడికి ఎకరాల లెక్కన, లేనివాడికి ఇంటి లెక్కన! పైగా 2023-24లో కనీసం ఇరవై రోజులు ఉపాధి పని చేసివుండాలని షరతు. ఊళ్ళో పని దొరక్క ఆ ఏడంతా పాతబస్తీ అడ్డా మీద నిలబడ్డవాడి పేరు మస్టరులో ఎలా వుంటుంది? పని ఇవ్వలేకపోయింది ప్రభుత్వం, శిక్ష పడింది కూలీకి.

కొత్త చట్టంలో ఏముంది?

2005 చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది. పేరు వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్, గ్రామీణ్. గాంధీ పేరు తీసేశారని పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది. పేరు సంగతి పక్కనబెట్టి, లోపలికి చూద్దాం.

వంద రోజులను 125 చేశామంటున్నారు. వినగానే సంతోషించేవాళ్ళుంటారు. కాని వందరోజుల చట్టం వున్నప్పుడే దేశంలో సగటున ఒక్కో కుటుంబానికి దొరికింది యాభై రోజుల చుట్టూ. కుండలో నీళ్ళు లేనప్పుడు పెద్ద చెంబు ఇస్తే దాహం తీరుతుందా?

డబ్బు లెక్క చూడండి. పాత చట్టం ప్రకారం వంద రూపాయల పనిలో అరవై రూపాయలు కూలికి, నలభై సామాగ్రికి అనుకోండి. కూలి మొత్తం కేంద్రానిదే. సామాగ్రిలో ముప్ఫై కేంద్రం, పది రాష్ట్రం. అంటే కేంద్రానికి తొంభై, రాష్ట్రానికి పది. కొత్త చట్టంలో మన రాష్ట్రాలకు కేంద్రం వాటా అరవై, రాష్ట్రం వాటా నలభై. పది రూపాయలు పెట్టేవాడు నలభై పెట్టాలి. అప్పుల్లో వున్న రాష్ట్రం ఏం చేస్తుంది? పని తెరవదు. పైగా ఏ రాష్ట్రానికి ఎంత డబ్బో కేంద్రమే ముందుగా కొలిచి పెడుతుంది. అది దాటితే ఖర్చంతా రాష్ట్రానిదే. ఇంతకు ముందు కూలీ అడిగితే డబ్బు రావాలి. ఇప్పుడు డబ్బు వున్నంతవరకే కూలీ అడగాలి. హక్కు తలకిందులైంది.

ఇంకొక షరతు వుంది. విత్తే కాలంలో, కోతల కాలంలో కలిపి ఏడాదికి అరవై రోజుల దాకా పనులు ఆపవచ్చు. ఆ రోజులు రాష్ట్రం ప్రకటిస్తుంది. ఇది ఎవరి కోరిక? కూలి రేట్లు పెరిగాయని ఇరవై ఏళ్ళుగా గగ్గోలు పెడుతున్న పెద్ద భూస్వాముల కోరిక. కూలీకి బేరమాడే బలం వుండేదే నాట్ల కాలంలో, కోతల కాలంలో. సరిగ్గా ఆ రోజుల్లోనే అతడి రెండో దారి మూసేస్తున్నారు. ఇచ్చినంత పుచ్చుకో, లేకపోతే ఫలక్‌నుమా బండి ఎక్కు అన్నట్టు!

చిన్నరైతు అడిగే ప్రశ్న

ఇక్కడ చిన్నరైతు సోదరుడు అడుగుతాడు: "మీరు కూలి పెంచమంటరు. నాకున్నది రెండెకరాలు. ఎరువుల ధర పెరిగె, పత్తి ధర పడిపాయె. కూలి నేనెక్కడ తెచ్చియ్యాలె?"

ఈ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. రెండెకరాల రైతు మన శత్రువు కాదు. తన పొలం పని అయ్యాక అతడూ అడ్డా మీదకు వచ్చేవాడే. అతడిని ముంచుతున్నది కూలి కాదు, పంటకు రాని ధర, తీరని అప్పు. ఉత్పత్తి ఖర్చు మీద యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ చెప్పి ఏళ్ళు గడిచాయి. అది ఇవ్వకుండా కూలి తగ్గించి రైతును కాపాడతామనడం, ఒక పేదవాడి కంచంలో అన్నం తీసి ఇంకొక పేదవాడికి పెట్టడమే. చిన్నరైతు చేలో గట్లు, నీటికుంటలు, చదును పనులు ఉపాధి నిధులతో చేయిస్తే అతడి ఖర్చు తగ్గుతుంది, కూలీకి పని దొరుకుతుంది. ఇద్దరినీ కలిపే పని ఇది. అరవై రోజుల సెలవు ఇద్దరినీ విడదీసే పని.

జరిగిన మంచి మన కళ్ళముందే వుంది

ఇదంతా గాలిలో మాట కాదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల మధ్యలో పడావు పడ్డ చేలను దున్ని సాగులోకి తెచ్చారు. అందుకు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సొమ్ము తోడయింది. పండిన జొన్నలను ఊళ్ళోనే నిలవచేసి, ఏ ఇల్లు ఎంత పేదదో ఊరి ఆడవాళ్ళే తేల్చి, చవకగా అమ్మారు. దున్నిన రోజుల్లో పని పుట్టింది, తర్వాత గింజ పుట్టింది, పశువులకు చొప్ప పుట్టింది. డబ్బు సర్కారుది, నిర్ణయం సంఘానిది.

కేరళలో 1996లో వామపక్ష ప్రభుత్వం ప్రజాప్రణాళిక మొదలుపెట్టింది. రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడోవంతుకు పైగా పంచాయతీలకు, పురపాలక సంఘాలకు అప్పగించింది. 1998లో కుటుంబశ్రీ వచ్చింది. భూమిలేని ఆడవాళ్ళు గుంపులుగా కౌలుకు తీసుకొని సాగు చేస్తున్నారు. అక్కడ ఇది ఎందుకు సాధ్యమైంది? భూసంస్కరణలు జరిగాయి, కూలీల సంఘాలు బలంగా వున్నాయి. పై నుంచి డబ్బు వచ్చినంత మాత్రాన చాలదు, కింద దాన్ని పట్టుకునే చేతులు కావాలి.

అడ్డా మీదా, ఊళ్ళోనూ చేయవలసింది

పాతబస్తీ అడ్డా మీద ఇంకొక సంగతి చూస్తాం. పాలమూరు కూలీ పక్కన ఇక్కడే పుట్టి పెరిగిన ముస్లిం కూలీ నిలబడి వుంటాడు. "ఊరోళ్ళు తక్కువకొస్తరు" అని ఇతడికి చెబుతాడు మేస్త్రీ. "ఇక్కడోళ్ళు మిమ్ముల నిలబడనియ్యరు" అని అతడికి చెబుతాడు. ఇద్దరి కూలీ కోస్తాడు. కొన్నిచోట్ల మన కార్యకర్తలు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇంతకు తక్కువైతే ఎవ్వరమూ ఎక్కమని మాట తీసుకున్నారు. "భాయ్, ఊళ్ళో మీకు పని దొరికితే ఇక్కడ నాకూ రేటు దొరుకుతుంది" అన్నాడు ఒక తాపీ పనివాడు. పెద్ద పుస్తకాల్లో రాయవలసిన మాట అది. పల్లెలో ఉపాధి హక్కు పట్నం కూలీకీ కావలసిన హక్కే. దానికోసం జరిగే సభల్లో అడ్డా కూలీలూ నిలబడాలి.

ఇక ఊళ్ళో పని. కార్యకర్తలు ఈ నాలుగూ మరవకూడదు.

ఒకటి: కొత్తగా ఎన్నికైన పంచాయతీలున్నాయి. గ్రామసభ జరిగే రోజు తెలుసుకొని, కూలివాడంతా కదిలి రావాలి. ఏ పని ముందు చేయాలో సభలో మనమే చెప్పాలి. దళితుల భూములు, చిన్నరైతుల చేలు, ఊరి చెరువు ముందు. నాయకుల వెంచరుకు పోయే రోడ్డు తర్వాత.

రెండు: పని అడిగేది రాతపూర్వకంగానే. తేదీ, సంతకం వున్న రసీదు లేకుండా ఇంటికి రావద్దు. కాగితం లేని హక్కు గాలికి పోతుంది.

మూడు: సామాజిక తనిఖీని మనదిగా చేసుకోవాలి. మస్టరు చదివే రోజున వలసపోయినవాళ్ళను కూడా పిలిపించాలి. అడ్డా మీద నిలబడ్డవాడి పేరు ఊరి మస్టరులో పడివుంటే, దొంగను పట్టేది అతడి నోరే.

నాలుగు: అరవై రోజుల సెలవు వద్దని, ఖర్చులో కేంద్రం పాత వాటానే భరించాలని, పనిచేసిన పదిహేను రోజుల్లో కూలి ముట్టాలని ప్రతి గ్రామసభలో తీర్మానం చేయించాలి. కూలీలూ చిన్నరైతులూ కలిసి చేయించాలి. రాష్ట్ర ప్రభుత్వం కేంద్రం మీద నెపం వేసి తప్పుకోకుండా, సెలవు రోజులు ప్రకటించే అధికారం తన చేతిలోనే వుందని గుర్తుచేయాలి.

ప్రభుత్వంతో సహకరించమంటున్నారు కదా, సహకరిద్దాం. మట్టి మోస్తాం, చెరువు తవ్వుతాం, చెట్లు నాటుతాం. ఆ పని మనకన్నా బాగా ఎవరికి వచ్చు? అయితే శ్రమకు కూలి ముట్టాలి, ఖర్చు లెక్క మన సభలో చదవాలి, పండిన దాంట్లో మన వాటా వుండాలి. ఈ మూడూ ఇచ్చే ప్రభుత్వానికి సహకారం దానంతటదే వస్తుంది. ఇవ్వని ప్రభుత్వం చేత ఇప్పించుకోవాలి.

తెల్లవారి ఫలక్‌నుమాలో దిగే తట్టలు తగ్గిన రోజున పల్లె బాగుపడిందని మేమే ఈ శీర్షికలో రాస్తాం. అంతవరకు మన చోటు ఆ అడ్డా మీదా, ఆ గ్రామసభలోనూ.